గడ్డి ముసలమ్మ

కిచెనర్ నుంచి శ్రావ్య అనే అమ్మాయి ఫోన్ చేసింది. "ఆంటీ, నేను మిథాలజీలో మాస్టర్స్‌కి అప్లై చేశా. మీరు లైఫంతా కెల్టిక్ దేవతల మీదనే పని చేశారంట కదా. ఏమైనా టిప్స్ చెప్పండి" అంది.

టిప్స్! నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. "వద్దు తల్లీ, హాయిగా కంప్యూటర్లు చదువుకో" అన్నాను.

"అదే చదివిన ఆంటీ. జాబ్ కూడా చేసిన. బోర్ కొట్టింది."

బోర్ కొట్టినవాళ్ళకి సలహా చెప్పడం నా వల్ల కాదు. అయినా ఆ పిల్ల గొంతులో ఏదో పట్టుదల ఉంది. ఫోన్లో చెప్పలేకపోయిన మాటలు అందుకే ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. వచ్చినవి ఆలస్యంగా వచ్చాయి, రానివి ఎందుకు రాలేదో అందరికీ తెలిసిందే.

ఇంతకీ నా ఉద్యోగం ఏమిటంటే

పాత ఐర్లండ్, స్కాట్లండ్ కథల్లోని దేవతలూ పితృదేవతలూ ఎవరో, వాళ్ళని జనం నిజంగా ఎలా తలచుకునేవారో కెనడాలో, ఒంటారియోలోని ఒక యూనివర్సిటీలో పాఠం చెప్పేదాన్ని. మా వారి ఉద్యోగం కోసం ఈ దేశం వచ్చాను. ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోలేక, లైబ్రరీ వెచ్చగా ఉంటుందని వెళ్ళేదాన్ని. అక్కడ సాయంత్రం పూట పాత ఐరిష్ భాష క్లాసొకటి జరుగుతుంటే వెనక బెంచీలో కూర్చున్నాను. ఐర్లండులో ఒక నది ఆడమనిషి అట. బావి దగ్గర గీసిన హద్దు దాటితే ఆ బావి పొంగి ఆమెను ముంచేసింది. ఆ నీళ్ళే నదిగా పారాయి, ఆమె పేరే నదికి పెట్టారు. తక్కిన విద్యార్థులు నోళ్ళు తెరిచారు. గోదావరి ఒడ్డున పుట్టినదాన్ని, నది ఆడది అంటే నాకు వింతేముంది? ఇదేదో మా ఊరి వ్యవహారంలాగే ఉందనుకుని ఆ క్లాసుకే అతుక్కుపోయాను.

మనవాళ్ళు పెళ్ళిళ్ళలో పట్టుకుని అడిగేవారు, "అదేంటమ్మా వసుధా, మన దేవతలు సరిపోలేదా నీకు?" అని. డిపార్ట్‌మెంట్లో తెల్లవాళ్ళు కాఫీ కప్పు పట్టుకుని అడిగేవారు, "నువ్వు మీ దేవతల గురించి చెప్పొచ్చుగా?" అని. రెండూ ఒకటే ప్రశ్న. నీ స్థలం ఇది కాదు పొమ్మనడమే.

ఈ రంగంలోకి వచ్చేవాళ్ళు ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. మన దగ్గరున్న సాక్ష్యం చారెడు. ఆ పాత జనం కెల్టులు. వాళ్ళతో యుద్ధం చేసిన రోమన్లు, శత్రువుల గురించి శత్రువులు రాసినట్టే రాశారు. ఒళ్ళో రొట్టెలూ పళ్ళూ పసిబిడ్డా పెట్టుకుని కూర్చున్న ముగ్గురు అమ్మల శిల్పాలు కొన్ని దొరికాయి. చాలా శతాబ్దాల తర్వాత క్రైస్తవ సన్యాసులు, తాము నమ్మని కథల్ని తమ చేతుల్తో రాసిపెట్టారు. అంతే. మిగిలింది మారుమూల ఊళ్ళలో ముసలివాళ్ళ నోటి మాట. దుకాణాల్లో కనిపించే దేవతల పుస్తకాలన్నీ ఈ చారెడు పిండితో చేసిన పెళ్ళి విందులు.

అమ్మవారు

ప్రతి ఏడాదీ మొదటి క్లాసులో మెడలో రాళ్ళ దండ వేసుకున్న పిల్లొకతె ఉండేది. "తల్లి దేవత అంటే ప్రేమ కదా ప్రొఫెసర్, మనల్ని పొదువుకునే తల్లి" అనేది. పేర్లు మారేవి గాని మాట మారేది కాదు.

నేను చెప్పేదాన్ని: "మా భాషలో 'అమ్మవారు' అంటే దేవతే. ఒంటిమీద పొక్కులు లేచే జబ్బు కూడా అదే. పిల్లాడికి అమ్మవారు పోసిందంటే గుమ్మానికి వేపమండలు కడతాం. చుట్టాలు గడప తొక్కరు. ఆవిడ తల్లే. కానీ వచ్చింది మీగడ తినిపించడానికి కాదు. వచ్చినావిడని మర్యాదగా చూసి, మర్యాదగా సాగనంపాలి."

రాళ్ళ దండ పిల్ల చేతిలో పెన్ను ఆపేసేది. నేను చెప్పిన పాఠాల్లో పనికొచ్చింది ఏదైనా ఉంటే అదొక్కటే. ప్రేమించే దేవత కావాలంటే ఇంకో దుకాణానికి వెళ్ళండి.

ఫ్లోరా

వేసవి సెలవుల్లో ముసలివాళ్ళ మాటలు టేపులో రికార్డు చేయడానికి తూర్పు తీరాన కేప్ బ్రెటన్ దీవికి వెళ్ళేదాన్ని. స్కాట్లండ్ నుంచి వలస వచ్చినవాళ్ళ మనవలూ మునిమనవలూ అక్కడ గేలిక్ మాట్లాడుతూ ఇంకా మిగిలి ఉన్నారు. ఫ్లోరా అక్కడి మనిషే. ఎనభై దాటిన వితంతువు. ఎవరు గుమ్మంలోకి వచ్చినా పేరడగకముందే కెటిల్ పొయ్యి మీద పెట్టేది. చర్చిలో పూజ బల్ల మీద పరిచే తెల్ల బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే పని, పెళ్ళయి ఆ ఊరు వచ్చిన నాటినుంచీ ఆవిడదే. ఆ పనంటే ఆవిడకి ఎంత గర్వమో చెప్పలేను. ఇస్త్రీ చేస్తున్నంతసేపూ నన్ను నోరెత్తనిచ్చేది కాదు.

వంటింటి కిటికీలో ఒక గడ్డిబొమ్మ ఉండేది. తలకి నల్ల గుడ్డ చుట్టి ఉండేది. అడిగితే, "ఆవిడ కాల్యాఖ్" అంది ఫ్లోరా.

కాల్యాఖ్ అంటే ఇప్పటి గేలిక్‌లో ముసలమ్మ. కొండల్ని కొంగులో మోసుకొచ్చి పడేసిందని, చేతికర్రతో నేలని కొట్టి చలికాలాన్ని గడ్డ కట్టిస్తుందని పాత కథలు. ఫ్లోరా చెప్పింది మాత్రం కోతల సంగతి.

"ఓట్స్ కోతల్లో కోసిన ఆఖరి గడ్డి పనని ఇలా ముసలమ్మ బొమ్మలా కట్టేవాళ్ళు. ముందు కోత ముగించినవాడు దీన్ని తీసుకెళ్ళి, ఇంకా ముగించని పక్కవాడి చేలో విసిరేసి పరిగెత్తేవాడు. వాడు ముగించి ఇంకొకడి చేలో విసిరేవాడు. చివరికి అందరికంటే వెనకబడ్డవాడి ఇంట్లో దిగేది. చలికాలమంతా ఆవిడకి వాడే తిండి పెట్టాలి. ఈ బొమ్మ కోసం తలలు పగలగొట్టుకునేవాళ్ళు తెలుసా? ఎవరికి కావాలి ఈవిడ!"

"మరి మీ ఇంట్లోకి ఎలా వచ్చింది?"

"ఒక ఏడు మా నాన్న వెనకబడ్డాడు. ఆ తర్వాత ఎవరూ ఓట్స్ వేయలేదు. ఇక ఎవరి చేలో పడేస్తాం? మాకే ఉండిపోయింది, అమ్మ తర్వాత నాకు."

చలికాలం మొదటి మంచు పడ్డ రోజు కిటికీలో ఒక రొట్టె ముక్క పెడుతుందట, వాళ్ళమ్మ పెట్టినట్టే.

నేను మా నాయనమ్మ సంగతి చెప్పాను. శ్రావణ శుక్రవారం లక్ష్మీదేవికి పీట వేసేముందు నాయనమ్మ పెరటి గుమ్మం బయట కాస్త చింతపండూ, రెండు మిరపకాయలూ పెట్టేది. "అక్కా, నీది ఇది. తిని అటునుంచి అటే వెళ్ళు" అనేది. లక్ష్మికి అక్క జ్యేష్ఠాదేవి. ఆవిడ పేరు ఎత్తకూడదని మా వైపు పెద్దమ్మ అంటారు. ఎవడికైనా పట్టిందల్లా మన్నయితే "వాడి నెత్తిన పెద్దమ్మ కూర్చుందిరా" అంటారు.

ఫ్లోరా పడీపడీ నవ్వింది. "మీ నాయనమ్మకి బుద్ధుంది" అంది.

"అయితే ఇది కూడా ప్రార్థన లాంటిదేనా?" అని అడిగాను. అంతే, నవ్వు పోయింది.

"ప్రార్థన చర్చిలో చేస్తాను. ఈవిడకి కాదు. ఈవిడ దేవత కాదు. నా గురించి నువ్వు ఎక్కడ ఏం రాసినా ఆ మాట రాయకు. మాట ఇవ్వు."

"మరి తిండి ఎందుకు పెడతారు?"

"ఇంట్లో ఉంది కనక!"

దీనికి ఇంగ్లీషులో మాట లేదు. పూజ కాదు, నమ్మకం కాదు, భయం కూడా పూర్తిగా కాదు. తెలుగులో ఉంది: మర్యాద. ఆవిడ చేతిలో చెయ్యి వేసి మాట ఇచ్చాను. ఆ సంభాషణంతా టేపులో ఉంది. నేను రాసిన ప్రతి చోటా 'ముసలమ్మ' అనే రాశాను.

కాళి కాదు మొర్రో

ఇక్కడ మనవాళ్ళు ప్రవేశిస్తారు. మేముండే ఏజాక్స్ ఊళ్ళో తెలుగు సంఘానికి అధ్యక్షుడు సూర్యప్రకాశరావు గారు. రిటైరైన డాక్టరు, పెద్దమనిషే. ఉగాది వేడుకకి నన్నూ మా డిపార్ట్‌మెంట్ హెడ్డు డంకన్‌నీ పిలిచారు. డంకన్‌ది ఎర్రగడ్డం, తియ్యటి మాట. తాతలు స్కాట్లండ్ వాళ్ళు. గేలిక్‌లో మంచినీళ్ళు అడగడం కూడా రాదు.

ఇద్దరికీ శాలువాలు కప్పారు. నేను పది నిమిషాలు కాల్యాఖ్ గురించి చెప్పి కూర్చున్నానో లేదో, రావు గారు మైకు అందుకున్నారు. "చూశారా! కాల్యాఖ్! కాలీ... కాళీ! వినగానే తెలియట్లేదూ? మన కాళికామాతే! మనవాళ్ళు అక్కడిదాకా వెళ్ళారన్నమాట!"

హాలు దద్దరిల్లిపోయింది. చప్పట్లు, ఈలలు.

నేను లేచి మైకు లాక్కున్నాను. "కాదండీ. ఆ మాట లాటిన్ నుంచి వచ్చింది. ముసుగు అని అర్థం. ముసుగు వేసుకున్నది అంటే మొదట సన్యాసిని, తర్వాత ముసలమ్మ. కాళికి దీనికి ఏ సంబంధమూ..."

యాంకరమ్మాయి నవ్వుతూ మైకు తీసేసుకుంది. "మేడం గారు చాలా సింపుల్ పర్సన్ అండీ! నెక్స్ట్, చిల్డ్రన్స్ డాన్స్!" అంది.

కారులో డంకన్ కళ్ళు వెలిగిపోతున్నాయి. "రెండు ఖండాలు, ఒకే దేవత! ఇంత పెద్ద సంగతి నువ్వెందుకు దాచావు?" అన్నాడు.

"అది సంగతి కాదు డంకన్. శబ్దం కలిసింది, అంతే."

"మీ జనానికి తెలిసిపోయింది. నీకే తెలియట్లేదు" అన్నాడు. భోజనంలో పులిహోర చాలా బాగుందని కూడా అన్నాడు.

రావు గారిమీద నాకు జాలి ఉంది. పరాయి దేశంలో మనది అనేది ఏదైనా కాస్త దొరికితే బాగుండునని తాపత్రయం. డంకన్‌మీద ఆ జాలి కూడా లేదు.

డంకన్

మేము రికార్డు చేసినవన్నీ డిపార్ట్‌మెంట్ ఆస్తి. అది రూలు. డంకన్ ఆ టేపులన్నీ బయటికి తీయించాడు, నా అనువాదాలు ముందేసుకున్నాడు. 'ముసలమ్మ' అన్న ప్రతిచోటా కొట్టేసి 'దేవత' అని రాసుకున్నాడు. దేవతల మీద ఎగ్జిబిషన్ పెట్టాడు. హాలు నడిమధ్యలో గోడంత ఫొటో: ఫ్లోరా, పక్కన కిటికీలో గడ్డిబొమ్మ. కింద ఊరి పేరుతో సహా, 'కెనడాలో ఆఖరి దేవతారాధకురాలు'. పక్కనే కాళి క్యాలెండర్ బొమ్మ. అది రావు గారే ఇచ్చి పంపారు.

నాకు తెలిసేసరికి తలుపులు తెరవడానికి వారం ఉంది. అతని గదికి వెళ్ళాను.

"నేను 'ముసలమ్మ' అని రాశాను. నువ్వు 'దేవత' చేశావు."

"అర్థం అదేగా?"

"కాదు. ఆవిడ వద్దంది. టేపులో ఉంది."

"వాళ్ళు మోసుకొస్తున్నదేమిటో వాళ్ళకి తెలియదు వసుధా. మనమే చెప్పాలి. అయినా నువ్వు దేవతల దేశం నుంచి వచ్చావు. నీకు అర్థం కావాలే!"

"అర్థమైంది కాబట్టే వద్దంటున్నాను. ఆవిడ చర్చికి వెళ్ళే మనిషి. ఆ ఊళ్ళో బతకాలి. కనీసం ఫొటో తీసెయ్. ఊరి పేరు తీసెయ్."

"ప్రింటయిపోయింది" అన్నాడు, పెళ్ళికార్డుల సంగతి చెప్పినట్టు.

డీన్‌కి రాశాను. వ్యాఖ్యానంలో పండితుల మధ్య అభిప్రాయభేదాలు సహజమని బదులొచ్చింది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఎలుక అక్కడ తెల్ల బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది, పాపం దానికేమీ తెలియదు.

ఎగ్జిబిషన్ బ్రహ్మాండంగా నడిచింది. పేపర్లలో వేశారు. ఆ వేసవిలో పాత దేవతల్ని కొత్తగా కొలిచే ఆడవాళ్ళు తలమీద పూలచక్రాలు పెట్టుకుని కార్లేసుకుని ఫ్లోరా ఇంటికి వెళ్ళారు. గుమ్మం ముందు రంగురాళ్ళు పెట్టారు, పాలు పోశారు, వాకిట్లో చేతులు పట్టుకుని తిరుగుతూ పాడారు. దీవించమని ఆవిడ కాళ్ళమీద పడ్డారు కూడా. ఊరంతా కిటికీల్లోంచి చూసింది.

క్షమాపణ అడుగుదామని నేనూ వెళ్ళాను. ఫ్లోరా తలుపు తీసింది. రమ్మంది. కూర్చోమంది. కెటిల్ పొయ్యి మీద పెట్టలేదు. ఆ ఇంట్లో నాకు టీ దొరకని రోజు అదొక్కటే.

"ఆ మాట నేను రాయలేదు ఫ్లోరా" అన్నాను.

"తెలుసు. నువ్వు రాయలేదు. కానీ నీ వెనకాలే వచ్చిందిగా."

ఇస్త్రీ బల్ల గోడకి ఆనించి ఉంది. దాని మీద బట్టల్లేవు.

"ఫాదర్ మంచివాడు. నన్నొక్క మాట అనలేదు. నీ మోకాళ్ళు నొప్పులు కదా, ఇక విశ్రాంతి తీసుకోమన్నాడు. బట్టలు ఇంకొకావిడకి ఇచ్చాడు."

"మోకాళ్ళు నొప్పులా?"

"నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి" అంది. కిటికీ వైపు చూసింది. "చీకటి పడకముందే బయల్దేరు" అంది.

తిరిగొచ్చి ఇంకో రెండు ఉత్తరాలు రాశాను, ఒక కమిటీ ముందు అరిచాను. ఫలితం ఏమిటంటే నా కెల్టిక్ క్లాసు తీసేసి, 'ప్రపంచ దేవతలు' అని పేరు మార్చి డంకన్ తనే చెప్పుకున్నాడు. నాకు హిందూమతం పరిచయ పాఠం ఇచ్చారు. మీ సొంత స్థలానికి వచ్చేశారు కదా అని ఒకాయన అభినందించాడు కూడా. డంకన్ రిటైరైనప్పుడు హార్ప్ వాయించారు. నేను రిటైరైనప్పుడు కేకు కోశారు, దాని మీద నా పేరు తప్పు రాశారు. నాకు అతనిమీద కోపం పోలేదు. క్షమిస్తే మనసు తేలికవుతుందని మా అమ్మాయి అంటుంది. తేలికవనక్కర్లేదు, ఉండనీ.

కొత్తగా వచ్చే పిల్లలకి నేను చెప్పగలిగింది ఇదే. ఎవరికైనా మాట ఇచ్చేముందు, ఆ మాట నిలబెట్టే తాళంచెవి మీ చేతిలో ఉందో, ఇంకెవరి సొరుగులో ఉందో చూసుకోండి. టేపులు వాళ్ళవైతే మాట మీది కాదు. ఇంకో సంగతి. ఎవరైనా 'వాళ్ళకే తెలియదు, మనమే చెప్పాలి' అన్నారంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి. ఎద్దు పుండు కాకికి ముద్దు. మన చదువులో కాకులు ఎక్కువ.

పెట్టె

నేను రిటైరైన ఏడాది ఆకులు రాలే రోజుల్లో ఫ్లోరా మేనకోడలు ఫోన్ చేసింది. అత్త పోయిందని చెప్పింది. "మీకొక పెట్టె పంపమంది. పంపించాను, అందిందా?"

అంతకుముందు రోజే అందింది. తెరవకుండా హాల్లో పెట్టాను. ఫోన్ చెవికి ఆనించుకునే తెరిచాను. గడ్డి ముసలమ్మ. అదే నల్ల గుడ్డ.

"ఏమైనా చెప్పిందా?" అని అడిగాను.

"చెప్పింది. 'ఆ పిల్ల కోత ఇంకా అవలేదు, దాని చేలో పడేయ్' అంది. అంటే ఏమిటో నాకు తెలియలేదు. మీకు తెలుసా?"

"తెలుసు" అన్నాను.

ఇది అభిమానంతో ఇచ్చిన కానుక అని సర్దిచెప్పుకోవచ్చు. మా వారు అలాగే అన్నారు. నేను అనుకోను. నాకు ఆ ఆచారం తెలుసు, నాకు తెలుసని ఫ్లోరాకి తెలుసు. అందరూ ముగించుకుని వెళ్ళిపోయారు. డంకన్ ముగించాడు, పేపర్లవాళ్ళు ముగించారు, పూలచక్రాలవాళ్ళు ఇంకో దేవతని వెతుక్కున్నారు. చేలో ఇంకా మిగిలి ఉన్నది నేనే. వెనకబడ్డవాళ్ళ ఇంట్లోనే ఆవిడ దిగుతుంది. ఎవరికీ అక్కర్లేని మనిషిని నా మీదికి విసిరి ఫ్లోరా వెళ్ళిపోయింది.

మొన్న శ్రావ్య బస్సెక్కి ఏజాక్స్ వచ్చింది. కరీంనగర్ పిల్ల, గలగలా మాట్లాడుతుంది. ఈ కథంతా చెప్పాను. పెద్దమ్మ దగ్గరకొచ్చేసరికి అడ్డం పడింది.

"ఆగండి ఆంటీ. పెద్దమ్మ అంటే దరిద్రం అంటరేంది మీరు? మా దగ్గర పెద్దమ్మ తల్లికి బోనం ఎత్తుతరు. మా అమ్మ వింటే మీతో కొట్లాటే!"

"చూశావా? ఒకే భాషలో, రెండు జిల్లాల మధ్యే ఈ మాట ఒకటి కాలేదు. రావు గారు సముద్రం దాటించి కాళిని చేశారు."

నవ్వింది. నవ్వి, బొమ్మని చూపించమంది. వంటింటి వెనక తలుపు దగ్గర అరలో పెట్టాను, నాయనమ్మ చింతపండు పెట్టినవైపే. బయట అప్పుడే తొలి మంచు మొదలైంది. శ్రావ్య కాసేపు చూసి, ఇంట్లో వేసుకునే చెప్పులు విప్పి, రెండు చేతులూ దగ్గరికి తెచ్చింది.

"దండం పెట్టుకోనా ఆంటీ?"

"వద్దు" అన్నాను. "అన్నం పెట్టు."